కౌన్సెలింగ్‌కి ఎలా వెళ్లాలి: మొదటి ఫోన్ నుంచి చివరి సెషన్ దాకా

కౌన్సెలింగ్‌కి వెళ్దామని అనుకోవడానికీ, నిజంగా వెళ్లి కూర్చోవడానికీ మధ్య చాలామందికి నెలలు గడిచిపోతాయి. సిగ్గు ఒక్కటే దానికి కారణమని నేను అనుకోను. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు, వెళ్లాక ఏం మాట్లాడాలో తెలియదు, వాళ్లు మనల్ని ఏం చేస్తారో అసలే తెలియదు. జ్వరమొస్తే డాక్టరు ఏం చేస్తారో చిన్నపిల్లలు కూడా చెప్తారు. థెరపీ గదిలో ఏం జరుగుతుందో పెద్దవాళ్లకి కూడా తెలియదు. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఒక్కో అడుగూ వరసగా చెప్తున్నాను.

ముందే ఒక సంగతి మనసులో పెట్టుకోండి. థెరపీలో జరిగే ప్రతి పనికీ "ఇది ఎందుకు చేస్తున్నాం?" అని అడగొచ్చు. వద్దనొచ్చు, కాసేపు ఆపమనొచ్చు. మంచి థెరపిస్టులు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు, పైగా సంతోషిస్తారు. కింద చెప్పేవాటిలో మిగతావన్నీ మర్చిపోయినా ఈ ప్రశ్న అడగడం మర్చిపోకండి.

1. ఇబ్బందిని కాగితం మీద పెట్టండి

"మనసు బాగోలేదు" అంటే అవతలివాళ్లకి ఏమీ తెలియదు. "తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు, మూడు వారాలుగా ఇంతే" అంటే సగం పని అయిపోయినట్టే. కాబట్టి నాలుగు సంగతులు రాయండి: ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి, దానివల్ల ఏ పని ఆగిపోయింది, ఇప్పటిదాకా మీరు ఏం చేసి చూశారు. చివరిదాంట్లో మందు తాగడం, రాత్రంతా ఫోన్ చూడటం, ఎవరి మీదో అరవడం కూడా దాచకుండా రాయండి. ఆ కాగితం చూసేది మీరూ, మీ థెరపిస్టూ మాత్రమే.

కొలత కావాలంటే పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 అనే రెండు ప్రశ్నావళులు ఉన్నాయి. మొదటిది డిప్రెషన్‌కి, రెండోది ఆందోళనకి. గత రెండు వారాల్లో ఏ ఇబ్బంది ఎంత తరచుగా వచ్చిందో గుర్తు పెట్టడమే పని, ఐదు నిమిషాలు చాలు. పీహెచ్‌క్యూ-9లో మొత్తం 27కి లెక్క, జీఏడీ-7లో 21కి. దేంట్లోనైనా 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే నిపుణులతో మాట్లాడటం మంచిది. ఇవి థర్మామీటర్ లాంటివి: జ్వరం ఎంతుందో చెప్తాయి, దేనివల్లో చెప్పవు. నెల తర్వాత మళ్లీ నింపితే తేడా ఏమైనా ఉందా అనేది తెలుస్తుంది. నా దృష్టిలో వాటి అసలు ఉపయోగం అదే.

ఈలోగా మామూలు డాక్టరుకి చూపించుకుని, రక్తపరీక్ష లాంటివి కూడా చేయించండి. థైరాయిడ్ తేడా, రక్తహీనత, బీ12 లోపం, నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం లాంటివి అచ్చం డిప్రెషన్ లాగే కనిపించగలవు. స్టెరాయిడ్స్ లాంటి కొన్ని మందులు కూడా మూడ్‌ని మార్చేస్తాయి. ఏ మందులు వాడుతున్నారో ఆ కాగితం మీదే రాసి పెట్టుకోండి.

2. ఆగకూడని సందర్భాలు

చచ్చిపోవాలనిపిస్తోంది, ఎలా అన్నది కూడా మనసులో తిరుగుతోంది అంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా మీరున్న చోట పనిచేసే అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి. ఒక్కరికైనా ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఇంట్లో మందులు, పురుగుమందు, తాడు లాంటివి మీ చేతికి అందకుండా వేరేవాళ్లని తీసేయమనండి. ఇది చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ తీవ్రమైన ఆ కోరిక చాలామందిలో కొద్దిసేపు ఉప్పెనలా వచ్చి తగ్గిపోతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది.

దగ్గరివాళ్లెవరైనా ఇలా ఉన్నారేమోనని అనుమానమొస్తే నేరుగా అడగండి: "చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగేవాళ్లు దొరికారని ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ.

ఎవరికీ వినపడని మాటలు వినపడటం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా విపరీతమైన హుషారు ఉండటం, ఇవి కూడా కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టేవి కావు. నేరుగా సైకియాట్రిస్టుని కలవాలి.

3. ఎవరిని కలవాలి?

సైకియాట్రిస్ట్ అంటే వైద్యం చదివి మానసిక వైద్యంలో స్పెషలైజ్ చేసినవాళ్లు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు చేసి, థెరపీ ఇస్తారు. కౌన్సెలర్లు ఎక్కువగా ఒత్తిడి, కుటుంబ గొడవలు, దుఃఖం, ఉద్యోగ సమస్యల మీద పనిచేస్తారు. ఈ గీతలు దేశాన్ని బట్టి కాస్త అటూఇటూ మారతాయి. "కౌన్సెలర్" అని బోర్డు పెట్టుకోవడానికి చాలాచోట్ల ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే చదువు, లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్, ఎవరి దగ్గర శిక్షణ పొందారు అనేవి మొహమాటపడకుండా అడగాలి. మీ ఇబ్బంది ట్రామాకి (ప్రమాదం, హింస లాంటివి మనసుకి చేసిన గాయానికి) సంబంధించినదైతే ఇంకోటి కూడా అడగండి: "ట్రామాకి మీరు ఏ పద్ధతి వాడతారు? అందులో శిక్షణ ఉందా?" ఈ ప్రశ్నకి పద్ధతి పేరుతో సహా జవాబు రావాలి. "అన్నీ కలిపి చేస్తాం" అంటే ఇంకొకరిని చూసుకోవడం మేలు. "మూడు సిట్టింగుల్లో పూర్తిగా తగ్గిస్తాం, గ్యారంటీ" అంటే ఇక ఆలోచించకండి, ఫోన్ పెట్టేయండి.

4. ఫోన్‌లో ఏం మాట్లాడాలి?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫోన్‌లో కథంతా చెప్పాల్సి వస్తుందని భయం. అక్కర్లేదు. ఈ మాత్రం చాలు:

"నమస్కారం. కొన్ని నెలల కింద ఒక ప్రమాదం జరిగింది. అప్పటి నుంచి నిద్ర సరిగ్గా లేదు, బండి ఎక్కాలంటే భయమేస్తోంది. కొత్తవాళ్లని తీసుకుంటున్నారా? సెషన్ ఎంతసేపు, ఫీజు ఎంత? అనుకోకుండా రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి?"

గోప్యత సంగతి మొదటి సెషన్‌లోనే తేల్చుకోండి. మీరు చెప్పింది బయటికి పోదు అన్నది నియమం, కానీ దానికి మినహాయింపులు ఉంటాయి. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు వాళ్లు చెప్పాల్సి రావచ్చు. ఏవి ఎప్పుడు వర్తిస్తాయో వాళ్ల నోటితోనే చెప్పించుకోండి. ఆన్‌లైన్ సెషన్ అయితే తలుపు వేసుకునే గది, హెడ్‌ఫోన్ ఉండాలి. ఇంట్లో వినేవాళ్లు ఉంటే ఆగి ఉన్న కారులో కూర్చుని మాట్లాడేవాళ్లు కూడా ఉన్నారు. అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీ ఫోన్‌ని వేరేవాళ్లు చూసే ప్రమాదం ఉంటే మెసేజ్‌లు పెట్టొద్దనీ, ఫలానా టైములోనే ఫోన్ చేయమనీ ముందే చెప్పండి.

5. మొదటి సెషన్

సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు. మీ ఆరోగ్యం, ఇల్లు, పని, నిద్ర, ఇంతకుముందు తీసుకున్న వైద్యం గురించి ప్రశ్నలు ఎక్కువగా ఉంటాయి. ఆత్మహత్య ఆలోచనల గురించి కూడా అడుగుతారు. అందరినీ అడుగుతారు, మిమ్మల్ని చూసి ఏదో అనుమానించి కాదు.

జరిగిన ఘోరాన్ని మొదటిరోజే చెప్పాల్సిన పని లేదు. "అలాంటిది ఒకటి జరిగింది. వివరాలు ఇవాళ చెప్పలేను" అంటే చాలు. దీనికి మంచి థెరపిస్ట్ సాధారణంగా "సరే, మీరు ఎప్పుడు చెప్పగలిగితే అప్పుడే" అంటారు. ఏడుపు వస్తే ఏడవండి, టిష్యూ పెట్టె అక్కడ ఉండేది అందుకే. ఏడుపు రాకపోయినా, ఎవరి కథో చెప్తున్నట్టు పొడిపొడిగా చెప్పినా అదీ మామూలే.

లేచి వచ్చేముందు రెండు సంగతులు తేలాలి. మనం దేనికోసం పనిచేస్తున్నాం, ఎలా పనిచేయబోతున్నాం. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లోనే చెప్పిన సంగతి ఇది: థెరపీ ఏ రకమైనదైనా అది నడవాలంటే గమ్యం మీద ఒప్పందం, చేసే పనుల మీద ఒప్పందం, ఇద్దరి మధ్య నమ్మకం కావాలి. మొదటి రెండూ అడిగి తెలుసుకోవచ్చు. మూడోది రెండు మూడు సెషన్లు కూర్చుంటే గానీ తెలియదు. మొదటిరోజు నచ్చలేదని మానేయకండి, మూడోసారి కూడా మనసు విప్పలేకపోతుంటే అప్పుడు ఆలోచించండి.

"సంతోషంగా ఉండాలి" అనేది గమ్యంగా పనికిరాదు. "అలారం లేకుండానే తెల్లవారుజామున మూడింటికి వచ్చే ఆ మెలకువ వారంలో రెండుసార్లకి తగ్గాలి", "ఆ రోడ్డు మీదుగా మళ్లీ ఆఫీసుకి వెళ్లగలగాలి" లాంటివి పనికొస్తాయి.

6. ట్రామా ఉంటే

ప్రమాదం, దాడి, లైంగిక హింస, హఠాత్తుగా వచ్చిన మరణవార్త, విపత్తు... వీటి తర్వాత మొదటి వారాల్లో పీడకలలు రావడం, ఉలిక్కిపడటం, తిండి సహించకపోవడం చాలామందికి ఉంటుంది. ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. ఆ రోజుల్లో బాధితుల్ని కూర్చోబెట్టి "జరిగిందంతా చెప్పేయ్, బరువు దిగిపోతుంది" అని బలవంతపెట్టే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. అలాంటి ఒకే సెషన్ డీబ్రీఫింగ్ వల్ల పీటీఎస్‌డీ (ట్రామా తర్వాత నెల దాటినా వదలని మానసిక సమస్య) ఆగదని పరిశోధనల్లో తేలాక ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి చెప్పేది చాలా సాదా: చూడండి, వినండి, కలపండి. ఏం కావాలో చూడటం, చెప్తే వినడం, అవసరమైన సాయంతో కలపడం. ఇంట్లోవాళ్లు అది చేయగలిగితే మొదటి నెలకి అదే పెద్ద వైద్యం.

నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ అయ్యే అవకాశం ఉంది. ఈ పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జాబితాలోకి 1980లో ఎక్కింది. జరిగింది మళ్లీ కళ్ల ముందుకి వచ్చేస్తుంటుంది. దాన్ని గుర్తుచేసే చోట్లనీ మనుషులనీ తప్పించుకుంటూ తిరుగుతాం. "నాదే తప్పు", "ఎవరినీ నమ్మలేం" లాంటి నమ్మకాలు గట్టిపడతాయి. ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు బిగుసుకుని ఉంటుంది. చిన్నప్పటి నుంచి పదేపదే హింస చూసినవాళ్లలో తన మీద తనకే అసహ్యం, బంధాలు నిలబెట్టుకోలేకపోవడం కూడా తోడవుతాయి. దాన్ని కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 వేరుగా గుర్తించింది.

వీటన్నిటిలో ఎక్కువ నష్టం చేసేది తప్పించుకోవడం. తప్పించుకున్న ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుంది. కానీ "అక్కడికి వెళ్లకపోవడం వల్లే బతికిపోయాం" అని మెదడు పాఠం నేర్చుకుంటుంది, భయం అలాగే మిగిలిపోతుంది. ట్రామా థెరపీల్లో చాలావరకు ఏదో ఒక దారిలో ఈ ముడినే విప్పుతాయి.

ఉదాహరణకి, మలుపులో లారీ ఢీకొట్టిన ప్రమాదంలో ఒకావిడ బతికింది, పక్కన కూర్చున్న తమ్ముడు పోయాడు అనుకుందాం. "నేను బ్రేక్ వేసి ఉంటే వాడు బతికేవాడు" అనే ఒక్క వాక్యం ఆవిడని తినేస్తోంది. ప్యాట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో ఈ వాక్యం మీదే పని జరుగుతుంది. ఇది సుమారు 12 సెషన్ల పద్ధతి. సంభాషణ ఇలా ఉండొచ్చు:

"లారీ మీకు ఎప్పుడు కనపడిందండీ?"
"మలుపు తిరిగాక."
"అప్పటికి ఎంత దూరంలో ఉంది?"
"బాగా దగ్గర. రెండు సెకన్లు కూడా లేదు."
"లారీ వస్తుందని మలుపుకి ముందు మీకు తెలిసే దారి ఏదైనా ఉందా?"
"లేదు... చెట్లు అడ్డం ఉన్నాయి."
"మరి, బ్రేక్ వేసి ఉండాల్సింది అంటున్నది ఎవరు? ఆ రోజు స్టీరింగ్ పట్టుకున్న మీరా, తర్వాత అంతా తెలిసిన మీరా?"

చూశారుగా, థెరపిస్ట్ "మీ తప్పేం లేదమ్మా" అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట చుట్టాలు వందసార్లు చెప్పే ఉంటారు, పనిచేయలేదు. ఆవిడే లెక్క చూసుకుంటోంది. దుఃఖం పోదు, పోవాలని ఎవరూ అనరు. దుఃఖానికి అతుక్కుని ఉన్న అపరాధం మాత్రం మెల్లగా ఊడుతుంది.

ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఇంకో దారి. అందులో భయాలకి 0 నుంచి 100 దాకా మార్కులు వేసి మెట్లు కడతారు. అదే ఆవిడ విషయంలో, ఆగి ఉన్న కారులో డ్రైవర్ సీట్లో కూర్చోవడం 30, ఖాళీ రోడ్డు మీద నడపడం 50, ఆ మలుపు దాటడం 90 అనుకోండి. 30 దగ్గర మొదలుపెట్టి, గుండె దడ తగ్గేదాకా అక్కడే ఉండి, అదే పని మర్నాడూ చేసి, అది మామూలైపోయాక పై మెట్టుకి వెళ్తారు. దడ మొదలవగానే దిగి పారిపోతే లాభం లేదు. జరిగిన సంఘటనని సెషన్‌లో గట్టిగా చెప్పి, ఆ రికార్డింగ్ ఇంట్లో వినడం కూడా ఇందులో ఉంటుంది. కష్టమే. అందుకే ఎందుకు చేస్తున్నామో తెలియకుండా దిగకూడదు.

ఈఎండీఆర్ అనేది ఫ్రాన్సిన్ షాపిరో 1987లో మొదలుపెట్టిన పద్ధతి. జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని, థెరపిస్ట్ అటూఇటూ కదిపే వేలిని కళ్లతో అనుసరిస్తారు. చూడ్డానికి మంత్రం వేస్తున్నట్టు ఉంటుంది. కళ్ల కదలిక ఎంతవరకు పనిచేస్తోంది అన్న దాని మీద నిపుణుల మధ్య వాదన ఇంకా ఉంది, పద్ధతి మొత్తంగా పనిచేస్తుంది అనడానికి మాత్రం ఆధారాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని సిఫారసు చేసింది. ఎక్కువ మాట్లాడటం ఇష్టం లేనివాళ్లకి ఇది నయం అనిపించవచ్చు.

మందుల విషయం సైకియాట్రిస్టుతోనే. సెర్ట్రలిన్, పారోక్సెటిన్ అనే రెండిటికి పీటీఎస్‌డీ కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉంది. పనిచేయడానికి వారాలు పడుతుంది, హఠాత్తుగా ఆపకూడదు. "నిద్రమాత్ర వేసుకుంటే సరిపోతుంది కదా" అని బెంజోడయాజెపైన్‌లనే రకం మాత్రల మీద పడకండి. పీటీఎస్‌డీకి వాటిని సిఫారసు చేయరు, అలవాటు పడే ప్రమాదం ఎక్కువ.

థెరపీ మొదలయ్యాక కొన్ని వారాలు ఇంకా బరువుగా అనిపించవచ్చు. కలలు పెరగొచ్చు. పనులు చేసుకోగలుగుతూ, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంటే అది దారిలో వచ్చే గతుకు. సెషన్ తర్వాత రోజుల తరబడి మంచం దిగలేకపోవడం, మీరు మీ ఒంట్లో లేనట్టు ఉండటం, తాగుడు పెరగడం జరిగితే వెంటనే చెప్పండి, వేగం తగ్గించాలి. "మర్చిపోయిన జ్ఞాపకాలు బయటికి లాగుతాం" అని హిప్నాటిజం చేస్తామనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. అలా లాగితే జరగనివి కూడా జరిగినట్టు గుర్తుండిపోయే ప్రమాదం ఉంది.

ఫ్లాష్‌బ్యాక్ (జరిగింది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం) వచ్చినప్పుడు ఏం చేయాలి? కళ్లు తెరిచే ఉంచండి. కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినపడేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి, పేరుపేరునా పైకి చెప్పండి. ఊపిరి లోపలికి తీసుకునే దానికంటే వదిలేటప్పుడు ఎక్కువసేపు వదలండి. కళ్లు మూసుకుని ధ్యానం చేయమని ఎవరైనా చెప్తే, మీకు అది ఇంకా భయం పెంచుతుంటే చేయనవసరం లేదు. ట్రామా ఉన్నవాళ్లలో ఇది కొత్తేమీ కాదు.

7. జబ్బుతో పాటు వచ్చే దిగులు

గుండెపోటు, క్యాన్సర్, ఐసీయూలో గడిపిన రోజులు కూడా ట్రామాగా మిగలొచ్చు. గుండెపోటు వచ్చినవాళ్లలో సుమారు ఎనిమిది మందిలో ఒకరికి పీటీఎస్‌డీ లక్షణాలు కనిపిస్తాయని 2012లో అనేక అధ్యయనాలని కలిపి చూసినప్పుడు తేలింది. ఆసుపత్రి తలుచుకుంటేనే ఒళ్లంతా చెమట పట్టడం, లేదా అది గుర్తొస్తుందని మందులే వేసుకోకపోవడం దాని గుర్తులు కావచ్చు. చెకప్‌కి వెళ్లినప్పుడు రిపోర్టుల మాటయ్యాక ఇదీ చెప్పండి. డాక్టరు అడగకపోవచ్చు.

ఏళ్ల తరబడి నడుంనొప్పి ఉన్నవాళ్లని థెరపీకి పంపితే "అంటే నొప్పి నా ఊహ అంటున్నారా?" అని కోపమొస్తుంది. నొప్పి నిజమే. నొప్పి పుట్టాక దాని చుట్టూ భయం, కదలకపోవడం, నిద్రలేమి పేరుకుని దాన్ని ఇంకా పెంచుతాయి, థెరపీ పనిచేసేది వాటి మీద.

పాత నిద్రలేమికి సీబీటీ-ఐ అనే పద్ధతి ఉంది, అంటే నిద్ర గురించిన ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే థెరపీ. మందుల కంటే ముందు దీన్నే ప్రయత్నించమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2016లో సిఫారసు చేసింది. దాని మూలసూత్రాలు ఇవాళే మొదలుపెట్టొచ్చు: నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కండి, ఇరవై నిమిషాలు అయినా పట్టలేదనిపిస్తే లేచి వేరే గదిలో కూర్చోండి, రాత్రి ఎంతసేపు పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవండి. మూడోదే కష్టం, మూడోదే ముఖ్యం.

8. ఉద్యోగం పీల్చేస్తుంటే

బర్నవుట్ జబ్బు కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో దాన్ని ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే పెట్టింది. శక్తి అంతా ఇంకిపోవడం, పని మీద విరక్తి లేదా వెటకారం, చేసే పనికి ఫలితం లేదనిపించడం దాని మూడు గుర్తులు. పని మానేసి రెండు వారాలు సెలవు పెట్టినా ఏ విషయమూ ఆనందం ఇవ్వకపోతే అది బర్నవుట్ దాటి డిప్రెషన్ అయి ఉండొచ్చు, పరీక్ష చేయించుకోవాలి.

ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేసిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లీటర్ ఆరు చోట్ల వెతకమన్నారు: పనిభారం, మన పని మీద మనకున్న అదుపు, దక్కే ప్రతిఫలం, తోటివాళ్లతో సంబంధం, న్యాయం, విలువలు. ఆరిటికీ ఎదురుగా ఒక్కో వాక్యం రాయండి. రాస్తే చాలాసార్లు ఆశ్చర్యమేస్తుంది. పనిభారం అనుకున్నది నిజానికి అన్యాయం అయి ఉంటుంది: మనం రాత్రిళ్లు చేసింది ఇంకొకరి పేరు మీద పోవడం. దానికి బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్ మందు కాదు.

నాకు కాస్త కోపం వచ్చే చోటు ఇదే. ముగ్గురి పని ఒకరితో చేయించి, నెలకోసారి వెల్‌నెస్ సెషన్ పెట్టే ఆఫీసులు ఉన్నాయి. కౌన్సెలింగ్ మీకు హద్దులు గీయడం, లేదనడం, ఆందోళన తగ్గించుకోవడం నేర్పగలదు. టార్గెట్లు తగ్గించడం మాత్రం దానివల్ల కాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పని ప్రదేశాల మీద ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఉద్యోగుల్ని ఓర్చుకోమని చెప్పి ఊరుకోలేదు. పని పరిస్థితుల్ని మార్చమనీ, మేనేజర్లకి శిక్షణ ఇవ్వమనీ చెప్పాయి. 2021లో వచ్చిన ఐఎస్‌ఓ 45003 అనే అంతర్జాతీయ ప్రమాణం మానసిక ముప్పుల్ని కూడా యంత్రాల ముప్పుల్లాగే యాజమాన్యం చూసుకోవాల్సిన సంగతిగా లెక్కేస్తుంది. అంటే మార్పు అడగడం మీ గొంతెమ్మ కోరిక కాదు.

మీ కంపెనీలో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ (ఉద్యోగులకి కంపెనీ ఖర్చుతో కౌన్సెలింగ్ ఇప్పించే పథకం) ఉంటే కొన్ని సెషన్లు ఉచితంగా వస్తాయి. వాడుకోండి. వాడుకునేముందు మాత్రం "నా పేరు కంపెనీకి తెలుస్తుందా? వాళ్లకి వెళ్లే రిపోర్టులో ఏముంటుంది?" అని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. సాధారణంగా ఎంతమంది వాడారు అన్న లెక్కే వెళ్తుంది. సెషన్లు అయిపోయాక అదే కౌన్సెలర్‌తో బయట కొనసాగొచ్చో లేదో కూడా తెలుసుకోండి. ట్రామా లాంటివి నాలుగైదు సెషన్లలో తేలవు, సగంలో తెగిపోతే ఇబ్బంది. హెచ్ఆర్‌తో పంచుకోవడం వేరు సంగతి. వాళ్లు ఎంత మంచివాళ్లయినా జీతం ఇచ్చేది కంపెనీయే.

మేనేజర్‌కి జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. ఏం కావాలో చెప్తే చాలు:

"మేడమ్, కొంతకాలంగా ఆరోగ్యం సరిగ్గా లేదు, ట్రీట్‌మెంట్‌లో ఉన్నాను. పని మానేయాలని లేదు. రాత్రి పదింటి తర్వాత కాల్స్ ఒక రెండు నెలలు వేరేవాళ్లకి ఇవ్వగలరా? గురువారాలు గంట ముందు వెళ్తే నా అపాయింట్‌మెంట్ కుదురుతుంది, ఆ గంట పని పొద్దున చేసేస్తాను."

గడువుంది, కారణముంది, బదులు ఏం చేస్తారో కూడా ఉంది. ఇలా అడిగితే కాదనడం కష్టం. మాట్లాడిన రోజే "ఇవాళ మనం అనుకున్నది ఇదీ" అని చిన్న మెయిల్ పెట్టండి. పెద్ద సెలవు తర్వాత తిరిగి చేరుతుంటే మొదటిరోజే పూర్తి పని ఎత్తుకోకుండా సగం గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయేలా అడగండి.

వేధింపులైతే కౌన్సెలింగ్‌తో పాటు ఫిర్యాదు దారి కూడా చూడాలి. తేదీ, టైము, ఎవరు, ఏమన్నారు, ఎవరు విన్నారు అన్నవి ఆ రోజే ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా మీ సొంత నోట్‌బుక్‌లో రాయండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం హింస, వేధింపులు లేని పని ప్రదేశాన్ని ప్రతి ఒక్కరి హక్కు అంటోంది.

నర్సులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, రోజంతా ఘోరమైన వీడియోలు చూసి తొలగించే కంటెంట్ మోడరేటర్లు... వీళ్లకి ఇతరుల ట్రామాయే పని. ఉద్యోగరీత్యా పదేపదే అలాంటివాటికి ఎదురుపడటం కూడా పీటీఎస్‌డీకి కారణం కావచ్చని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జాబితా ఐదో కూర్పు) ఒప్పుకుంది. "ఇది మా డ్యూటీ, మాకు అలవాటే" అంటుంటారు. అలవాటయ్యాక కూడా ఒంటికి లెక్క తెలుస్తూనే ఉంటుంది.

9. పనిచేయకపోతే

సుమారు ఆరేడు సెషన్ల తర్వాత మొదట్లో అనుకున్న గమ్యాల్నీ, పీహెచ్‌క్యూ లెక్కనీ ముందు పెట్టుకుని మాట్లాడండి. ఏమీ కదలకపోతే "నాకు మార్పు కనిపించడం లేదు, పద్ధతి మారుద్దామా?" అని నేరుగా అనండి. ఈ మాట తర్వాత చాలాసార్లు థెరపీ నిజంగా మొదలవుతుంది. మంచి థెరపిస్ట్ పద్ధతి మారుస్తారు, లేదా తమకంటే సరైనవాళ్ల దగ్గరికి పంపుతారు. మీరు చెప్పకుండా మానేస్తే ఆ అవకాశం పోతుంది.

కొన్ని విషయాల్లో మాత్రం చర్చ అక్కర్లేదు. శారీరకంగా చొరవ తీసుకోవడం, బయట స్నేహానికో వ్యాపారానికో పిలవడం, అప్పు అడగడం, సెషన్ అంతా తమ సొంత గొడవ చెప్పుకోవడం, వేరే క్లయింట్ల సంగతులు మీకు చెప్పడం. వీటిలో ఏది జరిగినా మానేసి, వాళ్లకి లైసెన్స్ ఇచ్చిన సంస్థకి ఫిర్యాదు చేయండి. థెరపిస్ట్ క్లయింట్‌తో లైంగిక సంబంధం పెట్టుకోవడం ఎక్కడైనా వృత్తి నియమాలకి విరుద్ధమే, మీరు ఒప్పుకున్నా సరే.

10. ముగించడం

ఇబ్బంది తగ్గాక ఒక్కసారిగా ఆపేయకుండా వారానికోసారి ఉన్నదాన్ని రెండు వారాలకి, తర్వాత నెలకి జరపండి. చివరి సెషన్లలో థెరపిస్టుతో కలిసి ఒక పేజీ తయారుచేసుకోండి. మీ విషయంలో మొదట చెడేది ఏమిటి (కొందరికి నిద్ర, కొందరికి ఫోన్లు ఎత్తకపోవడం, కొందరికి చిరాకు), అది కనిపిస్తే ముందు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. ప్రమాదం జరిగిన తేదీ, కోర్టు వాయిదా, మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కాల్సిన రోజు లాంటివి ముందే తెలుస్తాయి కాబట్టి ఆ వారాల్లో పని తగ్గించుకోవచ్చు. ఆ పేజీ కాపీ ఒకటి మీరు నమ్మేవాళ్లకి ఇవ్వండి. మనం జారుతున్నప్పుడు మనకంటే ముందు పక్కవాళ్లకే కనిపిస్తుంది. ఆ గుర్తులు రెండు వారాలు వరసగా కనిపిస్తే అదే థెరపిస్టుకి ఫోన్ చేసి రెండు మూడు సెషన్లు అడగండి. మీ సంగతులన్నీ వాళ్లకి తెలుసు కాబట్టి ఈసారి మొదటి నుంచి చెప్పుకురావాల్సిన పని ఉండదు.